మే ఎండల్లో ఊరు వెతుక్కుంటూ: నెల్లూరు, ఒంగోలు, కావలి

ఊరు మారదామనుకునేవాళ్ళు ఎక్కువగా సంక్రాంతి రోజుల్లో చూడ్డానికి బయల్దేరతారు. చల్లగా ఉంటుంది, చెరువుల్లో నీళ్ళుంటాయి, ఏ ఊరైనా బాగానే కనిపిస్తుంది. మేం కావాలనే మే నెల పెట్టుకున్నాం. కుళాయి ఎన్నాళ్ళకోసారి వస్తుందో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో, మధ్యాహ్నం మూడింటికి వీధిలో నీడ ఉంటుందో లేదో మే నెలలోనే తెలుస్తుంది.

నేను బ్యాంకులో రిటైరయ్యాను. మా ఆయన ఇంకా కొంతకాలం ఇంటి నుంచే పనిచేస్తారు. ఆయనకు ఉబ్బసం. అత్తయ్యకు ఎనభై దాటాయి, మెట్లు ఎక్కలేరు. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు స్థిరపడ్డాక హైదరాబాదులో తొమ్మిదో అంతస్తులో మాకేం పని అన్న మాట చాన్నాళ్ళుగా ఇంట్లో నలుగుతోంది. మా అమ్మ వైపు వాళ్ళది నెల్లూరు జిల్లా, ఆయన వైపు వాళ్ళది ప్రకాశం. ఇప్పుడు రెండు చోట్లా దగ్గరివాళ్ళెవరూ మిగల్లేదు గానీ, మాట, తిండి, వాతావరణం తెలిసినవే. అందుకని ఆ రెండు జిల్లాల్లోనే వెతకాలనుకున్నాం.

బయల్దేరే ముందు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. డబ్బు పెడితే దొరికేవి ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. ఏసీ, క్యాన్ నీళ్ళు, కారు, కావాలంటే ఇంట్లోనే జిమ్ము. ఎంత డబ్బున్నా ఒక ఇంటివాళ్ళు సొంతంగా తెచ్చుకోలేనివి ఊరుమ్మడివి. మునిసిపాలిటీ కుళాయి, గ్రంథాలయం, నడవడానికి దారి, సర్కారు ఆసుపత్రి, ఒంటరిగా తిరిగే ఆడమనిషిని జనం చూసే చూపు, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలు. చూడాల్సింది వాటినే అని నా పట్టుదల. రైలు స్టేషను ఉండాలని, దుమ్ము ఉండకూడదని ఆయన పట్టుదల.

సోమవారం, నెల్లూరు

సికింద్రాబాదులో రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. తెల్లారి పెన్న వంతెన మీదికి వచ్చేసరికి జనం సామాన్లు దించుకుంటున్నారు. కింద ఇసుక మేటలు, వాటి మధ్య నీళ్ళు. వీఆర్సీ సెంటరు దగ్గర గది తీసుకుని, నెయ్యి కారం దోశ తిని, ఎండ ముదరక ముందే ఆటో మాట్లాడుకున్నాం.

ఆటో అబ్బాయి పెద్ద తెలివైనవాడు. మేం ఇల్లు చూసుకోవడానికి వచ్చామని చెప్పగానే, "రైలు కట్టకి ఏ తట్టున చూస్తుండారు మేడమ్?" అన్నాడు. రైలు కట్ట ఊరిని నిలువునా రెండు ముక్కలు చేస్తుంది. ఇటు నుంచి అటు పోవాలంటే మాగుంట లేఅవుట్ దగ్గరో, ఆత్మకూరు బస్టాండు దగ్గరో అండర్‌బ్రిడ్జి దూరాలి. "రోంత గట్టిగా వాన పడితే దాంట్లో నీళ్ళు నిలబడిపోతాయి. అప్పుడు చుట్టు తిరిగి రావాల్సిందే. పెద్దావిడ ఉండారంటిరి, ఆసుపత్రికి ఏ తట్టు దగ్గరో చూసుకోండి" అన్నాడు. ఇళ్ళ యాప్‌లలో ఎక్కడా రాయని సంగతి ఇది.

ఆ అబ్బాయినే 2021 నవంబరు వరద గురించి అడిగాం. పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగిన రోజులవి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది, నెల్లూరుకూ ఉత్తరానికీ రాకపోకలు ఆగిపోయాయి. వెంకటేశ్వరపురం మీదుగా పోనిచ్చి, ఒక ఇంటి గోడ మీద నీళ్ళు నిలిచిన గీత చూపించాడు. కిటికీ సగం దాకా ఉంది. సున్నం వేసినా ఆ గీత కింద నుంచి పైకి తేలుతూనే ఉంది. ఎగువన సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది. గేట్లు ఎత్తారంటే కింద ఊరు ఎంత మేలుకుని ఉండాలో ఆ గీత దగ్గర నిలబడితే తెలిసింది. నెల్లూరులో ఇల్లు కొనేవాళ్ళు దస్తావేజుల కంటే ముందు అలాంటి గీతల్ని వెతుక్కోవాలని నా సలహా.

ఇక్కడ స్థలం లెక్క అంకణాల్లో చెబుతారు. నెల్లూరు అంకణం 36 చదరపు అడుగులు, సెంటుకు పన్నెండు అంకణాలు, ఓ పిసరు పైన. మాగుంట లేఅవుట్‌లో, రామలింగాపురంలో అంకణం ధర విన్నాక కొనే మాట పక్కన పెట్టి బాడుగ ఇళ్ళే చూశాం.

నాలుగు ఇళ్ళు చూశాం. మూడు చోట్ల నీళ్ళ గురించి, పార్కింగ్ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ అదే ప్రశ్న దగ్గరికి వచ్చారు. ఒకాయన మెట్ల మీద నిలబడి, తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ, ఎంతో మర్యాదగా అడిగాడు. "తప్పుగా అనుకోబాకండి. మీరేవిట్లు?" మా ఇద్దరిదీ ఒక కులం కాదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈ ప్రశ్నకు మేం జవాబు చెప్పం. "అది చెప్పి ఇల్లు తీసుకోమండీ" అన్నారు మా ఆయన. తాళాల గుత్తి ఆగింది. "కింద మా అమ్మ ఉండాది, ఆమెకు పట్టింపు" అన్నాడాయన. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఆ ప్రశ్న మీదే కోపం. చెప్పగలిగే కులం ఉన్నవాళ్ళు చెప్పేసి ఇల్లు తీసుకుంటారు. చెబితే తలుపు మూసుకుపోయేవాళ్ళ సంగతేమిటి? మేం జవాబు చెప్పకపోవడం వాళ్ళ కోసం కూడా. ఇది హైదరాబాదులో లేదని కాదు. వెళ్ళబోయే ఊళ్ళో ఎంత ఉందో తెలుసుకోవడం మా పనిలో ఒక భాగం.

సాయంత్రం బారాషహీద్ దర్గా వైపు నడిచాం. స్వర్ణాల చెరువు గట్టు మీద గాలి బాగుంది. మొహర్రం రోజుల్లో ఇక్కడే రొట్టెల పండుగ. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి చెరువు నీళ్ళలో నిలబడి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పట్టుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె. ఇచ్చేవాళ్ళు ఎవరు, తీసుకునేవాళ్ళు ఎవరు అని ఆ నీళ్ళలో ఎవరూ అడగరు. గట్టు మీద పూలమ్మే ఆమె మా కథ విని, "సొంతింటి రొట్టె కూడా ఉండాది. పండగప్పుడొచ్చి పట్టుకో అక్కా" అంది. పొద్దున తాళాల గుత్తి, సాయంత్రం ఈ చెరువు, రెండూ నెల్లూరే.

మంగళవారం, పల్లిపాడు, మైపాడు

ఎండెక్కక ముందే పల్లిపాడు చేరాం. పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి ప్రారంభించారు. చతుర్వేదుల కృష్ణయ్య, దిగుమర్తి హనుమంతరావులు నడిపారు, స్థలం పొణకా కనకమ్మ ఇచ్చారు. ఆ కనకమ్మే తర్వాత నెల్లూరులో ఆడపిల్లల చదువు కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. పెద్ద ఆర్భాటం లేని చోటు. చెట్ల కింద కాసేపు కూర్చున్నాం. సంపన్నుల ఇంటి ఆడమనిషి నూరేళ్ళ కిందట తన భూమిని ఊరుమ్మడి పనికి ఇచ్చేసింది. ఊరు అలాంటి వాళ్ళ వల్ల నిలబడుతుందని మా అమ్మ అంటుండేది, కనకమ్మగారి పేరు నేను మొదట విన్నది ఆమె నోటనే.

అక్కణ్ణుంచి మైపాడు. సముద్రం ఒడ్డున చిన్న ఇల్లు అని మా ఆయనకు పాత కోరిక. దారి పొడుగునా రొయ్యల చెరువులు, గిరగిరా తిరిగే ఏరేటర్లు. ఈ సాగు మీద ఎంతమంది బతుకుతున్నారో చూస్తే కాదనలేం. కానీ చెరువుల్లోని ఉప్పు నీళ్ళు ఇంకి పక్కనున్న బావులు పాడవుతున్నాయన్న గొడవ ఈ తీరంలో చాలా పాతది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్ళింది. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపే చిన్న టీడీఎస్ మీటరు నా సంచిలో ఉంది. ఒక టీ కొట్టులో బోరు నీళ్ళు అడిగి ముంచితే 1,900 దగ్గర ఆగింది. తాగే నీళ్ళకు 500 లోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 2000 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు. కొట్టు పెద్దాయన ఆ అంకె చూసి, "అందుకే మేం క్యాన్లు కొంటాం తల్లీ. మా నాయన కాలంలో ఈ బావినే తాగినాం" అన్నాడు. సముద్రం బాగుంది, గాలి బాగుంది. సముద్రపు ఒడ్డు ఇంటి మాట మా ఆయన మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు.

బుధవారం, గురువారం, ఒంగోలు

ఒంగోలు మీద ఆయనకు మమకారం. లాయర్‌పేటలో వాళ్ళ పెద్దనాన్న ఇల్లుండేది, సెలవులకు అక్కడే. మమకారం పక్కన పెట్టి చూడాలని ముందే షరతు పెట్టుకున్నాం.

ఉదయం ఆరింటికే భాగ్యనగర్ వీధుల్లో నడిచాం. ఇళ్ళ ముందు డ్రమ్ములు, బిందెలు వరసగా ఉన్నాయి. కుళాయి వచ్చే రోజన్నమాట. నాగార్జునసాగర్ కుడికాలువ నుంచి వచ్చే నీళ్ళను వేసవి నిల్వ చెరువుల్లో పట్టుకుని ఊరికి ఇస్తారు. కాలువ రాని రోజుల్లో ఆ చెరువులే దిక్కు. ఒకావిడ పైపు బిగిస్తూ, "మా వీధికి మూడ్రోజులకోసారి వస్తన్నాయమ్మా. వచ్చిన గంటలో తాగేవి, వాడేవి అన్నీ పట్టుకోవాల. మా ఆయన పెళ్ళికెళ్ళినా నీళ్ళ రోజు చూసుకునే ఎళ్తాడు" అంది. పక్కింటి ముసలావిడ బిందె కూడా తనే నింపి లోపల పెట్టి వచ్చింది. కొత్తగా వచ్చే మాకు ఆ సాయం ఎన్నాళ్ళకు దొరుకుతుందా అని ఆలోచించాను.

ఊరికి మరో ఆధారమైన గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టు చివర ఒక గేటు కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో ఇంకొకటి. నిండిన జలాశయంలోంచి నీళ్ళు సముద్రంలోకి పోతుంటే చూస్తూ ఉండాల్సొచ్చిందని చెప్పేటప్పుడు ఒంగోలు వాళ్ళ గొంతులో బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఒంగోలులో నాకు నచ్చింది మాటల సందడి. గాంధీ రోడ్డులో గోడ మీద పుస్తకావిష్కరణ పోస్టరు, దాని పక్కనే నాటకానిది, దాని పక్కన అంగన్‌వాడీ కార్యకర్తల ధర్నాది. గ్రంథాలయంలో పేపర్ల గది నిండుగా ఉంది. ఆడవాళ్ళు ఇద్దరే, అదీ పోటీ పరీక్షలకు చదివే అమ్మాయిలు. నేను వెళ్ళి కూర్చుంటే ఎవరూ వింతగా చూడలేదు, ఒకాయన పేపరు మడిచి ఇచ్చాడు. గురువారం సాయంత్రం కొత్తపట్నం బీచికి వెళ్తే మత్స్యకారుల పిల్లలు, ఊరి నుంచి వచ్చిన కుటుంబాలు కలిసే తిరుగుతున్నారు. 1937లో సోషలిస్టులు ఇక్కడే వేసవి రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది. ప్రశ్నలు అడగడం ఈ నేలకు అలవాటే.

అయితే మా ఆయన ఊపిరి సంగతి ఉంది. గురువారం పొద్దున కర్నూలు రోడ్డు మీద చీమకుర్తి దాకా వెళ్ళి వచ్చాం. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు పుట్టేది అక్కడే. క్వారీ అంచున నిలబడితే మెట్లు మెట్లుగా కోసిన కొండ లోతు కనిపిస్తుంది. రాయి కోసే యూనిట్ల నుంచి వచ్చే పొడి రోడ్డు పక్క వేపచెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకుంది. ఒక ఆకు తుంచి వేలితో తుడిస్తే వేలిముద్ర పచ్చగా తేలింది. మా ఆయన మాస్కు తీయలేదు. ఈ దుమ్ములో పొద్దస్తమానం పనిచేసేవాళ్ళకు మాస్కులు కూడా లేవు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన కుర్రాళ్ళు. మనం నచ్చకపోతే ఇంకో ఊరు చూసుకుంటాం, వాళ్ళకు ఆ వీలు లేదు. ఒంగోలు ఊరికి ఆ దుమ్ము రాదని చెప్పారు గానీ, గ్రానైటు లారీలు నడిచే దారి అదే.

తిరుగు బస్సులో కనిగిరి వైపు నుంచి వస్తున్న ఒక కుటుంబం మా పక్కన కూర్చుంది. పిల్లాడి పళ్ళ మీద గోధుమరంగు చారలు. నీళ్ళ కోసమే ఒంగోలు వచ్చేశామని ఆ తల్లి చెప్పింది. ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పళ్ళు, ఆపైన ఎముకలు పాడవుతాయి. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నా చేతిలోని మీటరుకు ఫ్లోరైడు ఉప్పు నుంచి విడిగా తెలియదు. అందుకు ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. శ్రీశైలం నుంచి వెలిగొండ సొరంగాల ద్వారా ఆ మెట్ట ప్రాంతానికి కృష్ణ నీళ్ళు రావాలని పశ్చిమ ప్రకాశం వాళ్ళు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు. మేం జీవనశైలి పేరు చెప్పి ఊరు వెతుకుతున్నాం. ఆ తల్లి పిల్లాడి ఎముకల కోసం ఊరు మారింది. ఆ బస్సు దిగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇక్కడ చూసిన ఇళ్ళలో కూడా ఒక చోట కులం అడిగారు. రెండో చోట అడగలేదు, కానీ ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు.

శుక్రవారం, కందుకూరు మీదుగా

కందుకూరు గురించి ఎక్కువ రాయను. మాకు రైలు కావాలి, కందుకూరుకు రైలు సింగరాయకొండలో ఎక్కాలి. ఊరు ప్రశాంతంగా ఉంది, బజారు బాగుంది, అద్దెలు తక్కువ. కారు నడిపేవాళ్ళకు, పిల్లల బడులతో పనిలేని వాళ్ళకు బాగానే ఉంటుంది. అత్తయ్యను అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే అన్న ఒక్క ఆలోచనతో మేం ముందుకు కదిలాం.

హైవే మీద ఉలవపాడు దగ్గర ఆగాం. మే నెలలో ఆ రోడ్డు మీద ఆగకుండా వెళ్ళడం ఎవరి తరం? రెండు పక్కలా తాటాకు పందిళ్ళు, గడ్డి మీద బంగినపల్లి కాయలు. కొట్టతను కాయ కోసి ముక్క చేతిలో పెట్టి, మేం నోట్లో వేసుకునే దాకా ధర చెప్పలేదు. తినేసరికి మోచేతి దాకా రసం కారింది. మాటల్లో కరేడు ప్రస్తావన వచ్చింది. సోలారు పరిశ్రమకు భూములు ఇవ్వబోమని 2025లో కరేడు రైతులు హైవే మీదికి వచ్చిన సంగతి పేపర్లలో చదివిందే. ఈ పక్కనే రామాయపట్నం ఓడరేవు. "పోర్టొస్తే పిల్లోళ్ళకు పనులొస్తాయి సార్. తోట పోతే మళ్ళీ తోట రాదు" అన్నాడతను. రెండు మాటలూ అతనివే, రెండూ నిజమే. ఈ తీరం రాబోయే పదేళ్ళలో చాలా మారుతుంది. ఇక్కడికి వచ్చి స్థిరపడేవాళ్ళు ఆ మార్పులో కేవలం భూమి ధర చూసుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే.

శనివారం, కావలి

కావలి మా జాబితాలో అడుగున ఉంది. రైల్లో ఎన్నోసార్లు దాటిపోయిన స్టేషనే గానీ ఎప్పుడూ దిగలేదు.

ముందు లోపాలు చెబుతాను. ట్రంకు రోడ్డు ఇరుకు, లారీలూ ఆటోలూ ఆ రోడ్డు మీదే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండ నెత్తి మీద నిలబడుతుంది, పడమటి గాలి ఆగితే గానీ సముద్రపు గాలి రాదు. ఏరియా ఆసుపత్రి ఉంది, కానీ పెద్ద జబ్బు వస్తే హైవే మీద ఓ గంట ప్రయాణం చేసి నెల్లూరు వెళ్ళాలి. తుపాను దారిలో ఉన్న ఊరు. 1989 నవంబరులో థాయ్‌లాండు వైపు నుంచి బంగాళాఖాతం దాటి వచ్చిన తుపాను తీరం దాటింది ఇక్కడే, దానికి కావలి తుపాను అనే పేరే నిలిచిపోయింది. అప్పటివాళ్ళను ఎవరిని కదిపినా ఆ రాత్రి గురించి చెబుతారు. ఇంటి పైన రేకుల షెడ్డు వేయొద్దని, గాలికి రేకులు కత్తుల్లా ఎగిరాయని ముగ్గురు వేర్వేరు మనుషులు మాకు చెప్పారు.

ఇక నచ్చినవి. పొద్దున జవహర్ భారతి వైపు నడిచాం. 1951లో దొడ్ల రామచంద్రారెడ్డి పెట్టిన కాలేజీ. ఆ రోజుల్లో ఇంత చిన్న ఊళ్ళో అంత పెద్ద ఆవరణ అంటే ఎంత ముందుచూపు! పాత చెట్లు, వెడల్పైన దారులు. నడుస్తున్న వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళు, చీరల్లో, కాళ్ళకు బూట్లతో, గట్టిగా మాట్లాడుకుంటూ. నేను ఊళ్ళను కొలిచే కొలత అదే. ఆడవాళ్ళు వెలుతురు రాకముందే భయం లేకుండా నడవగలగాలి, గొంతు తగ్గించకుండా మాట్లాడగలగాలి.

నీళ్ళు పెన్నవే. సంగం దగ్గర ఆనకట్ట నుంచి కావలి కాలువ వస్తుంది. సంగంలో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో వాడుకలోకి వచ్చింది. కుళాయి రోజు విడిచి రోజని చెప్పారు. మేం చూసిన ఇంట్లో సంపులో నీళ్ళు ముంచితే మీటరు 410 చూపింది. బోరు నీళ్ళు 1,100. తాగడానికి కుళాయి, గిన్నెలకూ చెట్లకూ బోరు అయితే సరిపోతుంది.

ఇక్కడ కూడా మొదటి రెండు ఇళ్ళలో అదే ప్రశ్న. రెండో చోట మా ఆయనకు విసుగొచ్చి, "ఇంకో ఊరు చూద్దాం పద" అన్నారు. మూడో ఇల్లు ఒక రిటైరైన టీచరుగారిది. గేటు తీస్తూనే మా ఇద్దరినీ ఒకసారి చూసి, "మీ అత్తగారికి మోకాళ్ళా, నడుమా?" అని అడిగారు. మోకాళ్ళే అని చెప్పాను. అయితే బాత్రూములో కడ్డీ బిగిస్తానన్నారు. పెరడు చూపించారు. బావి పూడ్చేశారు, గట్టు మాత్రం ఉంది. మునగ చెట్టు, కరివేపాకు, రెండు అరటి పిలకలు. "ఒక్క షరతు. గొంగళిపురుగులొచ్చినాయని మునగ చెట్టు కొట్టేయబాకండి. అట్నే మందు కూడా కొట్టబాకండి. నాకు చెప్తే నేను పొగబెట్టిస్తా." అడిగింది అంతే. కులం మాట రాలేదు. ఆవిడ పాఠాలు చెప్పిన పిల్లలు ఆ వీధిలోనే అరడజను మంది ఉన్నారు, మాట్లాడుతుంటే ముగ్గురు వచ్చి పలకరించి వెళ్ళారు.

ఇంట్లో కింది గది తూర్పు మొగం. రైలు స్టేషను నడిచేంత దూరం. ఫైబర్ నెట్ ఉందో లేదో మా ఆయన పక్కింట్లో అడిగి, వేగం చూసి మరీ వచ్చారు.

ఆదివారం, దూబగుంట

కావలి నుంచి కలిగిరి వైపు దూబగుంట చూడ్డానికి వెళ్ళాం. ఇల్లు వెతకడానికి దీనితో పనిలేదు, కానీ ఇంత దగ్గరికి వచ్చి చూడకుండా వెళ్ళలేను. 1990లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో కూలి ఆడవాళ్ళు చదివిన పాఠాల్లో ఒకటి తాగుబోతు భర్తతో వేగే సీతమ్మ కథ. చదివి ఊరుకోలేదు. రోశమ్మ వంటి వాళ్ళు ముందు నడిచి సారా కొట్టు మూయించారు. అది ఊరి నుంచి ఊరికి పాకి జిల్లాలో సారా వేలంపాటలే ఆపించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు ఏ ఊరి బస్టాండు పక్కనైనా మందు కొట్టే వెలుగుతోంది.

వేపచెట్టు కింద చింతపండు గింజలు తీస్తున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాం. అప్పుడు మీరూ ఉన్నారా అని అడిగాను. "ఉండకుండా యాడికి పోతాం? పలక పట్టుకుని పొయ్యేవాళ్ళం, చీపురు పట్టుకుని వచ్చేవాళ్ళం" అంది. నవ్వుతూనే చెప్పింది. మళ్ళీ తాగుడు వచ్చింది కదా అంటే, గింజలు చేటలోకి వేస్తూ, "వచ్చింది. మేం ముసిలోళ్ళం అయిపోతిమి. ఇప్పటి ఆడోళ్ళు డ్వాక్రా అప్పు కట్టుకునేదానికే సరిపోతుండారు" అంది. నాకు చాలా చోట్ల చాలామంది ఉద్యమాల గురించి చెప్పారు. ఇంత క్లుప్తంగా, ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం తుమ్మలపెంట బీచి. జనం ఉన్నారు, ప్లాస్టిక్కు కూడా ఉంది. కాళ్ళు తడుపుకుని వచ్చేశాం.

సోమవారం, మళ్ళీ కావలి

రాత్రి గదిలో కూర్చుని గట్టిగానే వాదించుకున్నాం. మా ఆయన నెల్లూరు అన్నారు. సర్కారు వైద్య కళాశాల ఉంది, ఊపిరితిత్తుల డాక్టర్లున్నారు, వందే భారత్ ఆగుతుంది. ఆ మాటలన్నీ సరైనవే. ఒంగోలు అయితే నాకు సభలు, పుస్తకాలు, మాట్లాడే మనుషులు దొరికేవాళ్ళు. కానీ నెల్లూరులో మా డబ్బుకు దొరికే కింది ఇల్లు అండర్‌బ్రిడ్జికి అవతల, ఒంగోలులో మూడు రోజుల నీళ్ళు, పైగా దుమ్ము. డాక్టరు గంట దూరంలో ఉండటం నెలకోసారి ఇబ్బంది. నీళ్ళు, గాలి, ఇరుగుపొరుగు రోజూ ఉండేవి. అత్తయ్యకు ఫోన్ చేసి మూడు ఊళ్ళ సంగతీ చెబితే ఆవిడ అడిగింది ఒకటే, "ఆ టీచరమ్మ నాతో మాట్లాడుతుందా?"

పొద్దున టీచరుగారికి అడ్వాన్సు ఇచ్చాం, పదకొండు నెలల అగ్రిమెంటు. స్థలం కొనే మాట మాత్రం ఇప్పుడు కాదు. నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. మే నెల నీళ్ళ కరువు చూపించింది. ఏ వీధిలో మోకాలి లోతు నిలుస్తుందో, కాలువ ఎక్కడ పొంగుతుందో, గాలివానకు కరెంటు ఎన్ని రోజులు పోతుందో, ఆ తేమకు మా ఆయన ఛాతీ ఎలా ఉంటుందో చూడాల్సింది అప్పుడే. ఈలోగా శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోవాలి, బోరు నీళ్ళు ఫ్లోరైడు పరీక్షకు పంపాలి, రాత్రిపూట ఏరియా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఉంటారో లేదో ఒకసారి వెళ్ళి చూడాలి.